గొర్రెను దొంగిలించిన తండ్రి – చైనా తత్వాలు, చైనా సర్కారు

మన ఇళ్ళలో చైనా మాట వస్తే పెద్దలకు 1962 యుద్ధం గుర్తుకొస్తుంది. పిల్లలకు చవక బొమ్మలూ, సెల్‌ఫోన్లూ గుర్తుకొస్తాయి. కన్ఫ్యూషియస్ పేరు చాలామంది విన్నారు గాని, ఆయన చెప్పిందేమిటంటే మాత్రం ఏవో సూక్తులు అని ఊరుకుంటాం. నేను కామర్సు చదువుకున్నవాణ్ణి. చైనా భాష నాకు రాదు. బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు మారుతూ ఉండగా, సాయంత్రాలు ఆంగ్లానువాదాలలో చైనా చరిత్ర చదవడం అలవాటైంది.

చదివిన కొద్దీ నాకు ఒకటి తోచింది. ఆ దేశపు ఆలోచనాపరులు ఆత్మ, మోక్షం వంటి విషయాలకంటే ముందు చాలా లౌకికమైన ప్రశ్న ఒకటి వేసుకున్నారు. ఇల్లు ముందా, రాజ్యం ముందా? రెండువేల ఏళ్ళకు పైగా వాళ్ళ చట్టాలూ, పన్నులూ, పరీక్షలూ, ఉద్యోగుల బదిలీలూ అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ప్రవాసంలో ఉన్నా ఇంటినే ఒక చిన్న రాజ్యంగా కాపాడుకుంటూ వస్తున్న మనబోటి కుటుంబాలకు ఇది ఆసక్తికరంగా ఉంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక గొర్రె, రెండు న్యాయాలు

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో, నేటి షాంతుంగ్ రాష్ట్రంలో ఉన్న లూ అనే చిన్న రాజ్యంలో పుట్టాడు. అప్పటికి పేరుకు చౌ వంశపు రాజు ఒకడున్నా, సామంతులు ఎవరికి వారే రాజులై ఒకరి మీద ఒకరు కత్తి దూసుకుంటున్నారు. తన మాట వినే ప్రభువు ఎక్కడైనా దొరుకుతాడేమోనని ఆయన శిష్యులను వెంటబెట్టుకొని పదేళ్ళకు పైగా రాజ్యాలు తిరిగాడు.

అలా తిరుగుతున్న రోజుల్లో షె అనే ప్రాంతాన్ని పాలించే ప్రభువు ఆయనతో తన ప్రజల గొప్ప చెప్పుకున్నాడట. తండ్రి ఒక గొర్రెను కాజేస్తే కన్నకొడుకే వెళ్ళి సాక్ష్యం చెప్పాడనీ, మావాళ్ళ నిజాయితీ అంతటిదనీ అన్నాడు. కన్ఫ్యూషియస్ మెచ్చుకోలేదు. తండ్రీకొడుకులు ఒకరినొకరు కాపాడుకోవడం సహజమనీ, ఆ ప్రేమను చంపుకొని చూపించే నిజాయితీని తమ వైపు నిజాయితీ అనరనీ ఆయన జవాబు సారాంశం. ఆయన దృష్టిలో ఇల్లే మొదటి పాఠశాల. తండ్రి దగ్గర వినయం, అన్న దగ్గర అణకువ నేర్చుకోనివాడు రేపు రాజు దగ్గర మాత్రం ఏం నేర్చుకుంటాడు? పాలకుడు నడిచి చూపిస్తే ప్రజలు సిగ్గుతోనే దారిలో ఉంటారు గాని, శిక్షతో బెదిరిస్తే తప్పించుకునే ఉపాయాలు వెతుకుతారని ఆయన నమ్మకం.

బాగానే ఉంది. కాని లెక్కలు చూసే మనిషిగా నాకు ఒక సందేహం వస్తుంది. గొర్రె పోగొట్టుకున్నవాడి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్ననే రెండువందల ఏళ్ళ తర్వాత హాన్ ఫెయ్ అనే ఆయన గట్టిగా అడిగాడు. ఆయన అదే కథకు మరో ముగింపు చెబుతాడు. కొడుకు ఫిర్యాదు చేస్తే, తండ్రికి ద్రోహం చేశావని అధికారి ఆ కొడుకునే చంపించాడట. ఇంకొకడు యుద్ధం నుంచి మూడుసార్లు పారిపోయి వచ్చి, ముసలి తండ్రిని చూసుకునే దిక్కు లేదని చెబితే, కన్ఫ్యూషియస్ వాణ్ణి మెచ్చుకొని పదవి ఇప్పించాడట. ఫలితం ఏమైంది? దొంగల గురించి చెప్పేవాడు లేకపోయాడు, యుద్ధంలో నిలబడేవాడు లేకపోయాడు. ఇంటికి మంచివాడు రాజ్యానికి చెడ్డవాడు కావచ్చు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టి రాజ్యం నడవదు అని హాన్ ఫెయ్ వాదం. ఇలా ఆలోచించినవాళ్ళను చట్టవాదులు అంటారు.

ఎలుక కన్నాలు లెక్కపెట్టిన సర్కారు

చట్టవాదుల మాటను ఆచరణలో పెట్టిన రాజ్యం పడమటి దిక్కున ఉన్న చిన్. క్రీ.పూ. 356 నుంచి అక్కడ షాంగ్ యాంగ్ అనే మంత్రి సంస్కరణలు మొదలుపెట్టాడు. ముందు జనానికి సర్కారు మాట మీద నమ్మకం కలగాలి కదా! సంత దక్షిణ ద్వారం దగ్గర ఒక దుంగ పాతించి, దాన్ని ఉత్తర ద్వారానికి మోసినవాడికి పది బంగారు నాణేలంత బహుమతి అని చాటించాడు. ఇంత చిన్న పనికి అంత డబ్బా అని ఎవరూ కదల్లేదు. బహుమతిని యాభైకి పెంచాడు. ఒకడు తెగించి మోశాడు, అక్కడికక్కడే సొమ్ము చేతిలో పెట్టారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, సర్కారు తన పరపతిని స్థాపించుకుంది.

ఆ తర్వాత అసలు చట్టాలు వచ్చాయి. ఇళ్ళను అయిదేసి, పదేసి చొప్పున జట్లు కట్టారు. ఒక ఇంట్లో నేరం జరిగితే, తెలిసి చెప్పని మిగతా ఇళ్ళవాళ్ళకూ శిక్షే. ఎదిగిన కొడుకులు ఇద్దరు ఒకే ఇంట్లో వేరుపడకుండా ఉంటే పన్ను రెట్టింపు. అంటే ఉమ్మడి కుటుంబాన్ని పన్నుతో విడగొట్టారన్నమాట. ఇంటి గోడల మధ్య ఉన్న విధేయతను సర్కారు తన ఖాతాకు మార్చుకుంది.

షాంగ్ యాంగ్ చివరి రోజుల గురించి చరిత్రకారుడు సీమా చియెన్ రాసిన సంగతి ఒకటి మరచిపోలేం. తనను పోషించిన రాజు పోయాక కొత్త రాజు పగబట్టాడు. షాంగ్ యాంగ్ పారిపోతూ సరిహద్దులో ఒక సత్రం తలుపు తట్టాడు. గుర్తింపు లేని మనిషికి చోటిస్తే షాంగ్ యాంగ్ ప్రభువు చట్టం ప్రకారం నాకు శిక్ష పడుతుంది, వెళ్ళిపొమ్మన్నాడు సత్రం యజమాని. క్రీ.పూ. 338లో ఆయన ప్రాణం పోయింది గాని, ఆయన చట్టాలు మిగిలాయి.

ఆ చట్టాల బలంతోనే చిన్ రాజు మిగతా రాజ్యాలను జయించి క్రీ.పూ. 221లో మొదటి చక్రవర్తి అయ్యాడు. లిపి ఒకటి చేశాడు, తూనికలు కొలతలు ఒకటి చేశాడు, బండి ఇరుసు వెడల్పు కూడా ఒకటి చేశాడు. చైనా చైనాగా నిలబడటానికి ఈ పునాదే కారణం. అయితే క్రీ.పూ. 213లో పాత గ్రంథాలను తగలబెట్టమన్నదీ ఈ ప్రభుత్వమే.

ఆ పాలన ఎంత సూక్ష్మంగా సాగేదో 1975లో బయటపడింది. హుబెయ్ రాష్ట్రంలో షుయిహుతి అనే చోట తవ్వకాల్లో శీ అనే ఒక చిన్న ఉద్యోగి సమాధి దొరికింది. శవపేటికలో ఆయన చుట్టూ వెయ్యికి పైగా వెదురు బద్దలు పేర్చి ఉన్నాయి. చాలా భాగం చట్టాలూ, నిబంధనలే! జీవితమంతా సర్క్యులర్లతో గడిపిన నాకు ఆ గుమస్తా మీద సానుభూతి కలిగింది. ధాన్యపు కొట్టులో ఎలుక కన్నాలు మూడు, అంతకు మించి కనిపిస్తే బాధ్యుడికి ఒక డాలు ఖరీదు జరిమానా. రెండు, అంతకు తక్కువైతే మందలింపు. చిట్టెలుక కన్నాలు మూడైతే ఒక ఎలుక కన్నం కింద లెక్క. తనఖా సరుకు చూడటానికి గోడౌన్లకు వెళ్ళిన రోజుల్లో నేను బస్తాలు లెక్కపెట్టాను గాని కన్నాలు లెక్కపెట్టమని మాకెవరూ చెప్పలేదు.

ఇంత పకడ్బందీ సర్కారు పదిహేనేళ్ళలో కూలిపోయింది. క్రీ.పూ. 209లో సరిహద్దు కాపలాకు వెళుతున్న 900 మంది వర్షాలకు దారిలో చిక్కుపడ్డారు. ఆలస్యానికి శిక్ష మరణమే, తిరగబడినా మరణమే, అలాంటప్పుడు తిరగబడితేనే నయమని వాళ్ళ నాయకులు లెక్క వేసుకున్నారని సీమా చియెన్ రాశాడు. ఆయన రాసింది సుమారు వందేళ్ళ తర్వాత. శీ సమాధిలో దొరికిన చట్టంలో వెట్టిపనికి ఆలస్యంగా వచ్చేవారికి మందలింపు, జరిమానా మాత్రమే ఉన్నాయి. వానలు పడితే పనికి మినహాయింపు కూడా ఉంది. సైనిక కాపలాకు వేరే నిబంధన ఉండి ఉండవచ్చు. ఏమైనా, సర్కారు మనల్ని వదలదు అని జనం గట్టిగా నమ్మిన చోట, కాగితం మీద ఉన్న దయ ఎవరికీ ఆనలేదు.

ఏమీ చేయని మంత్రి, ఏడ్చి ఊరుకోని కూతురు

తర్వాత వచ్చిన హాన్ వంశపు తొలి పాలకులు పాఠం నేర్చుకున్నారు. వాళ్ళకు తావో మార్గం నచ్చింది. లావోత్సు పేరుతో ప్రసిద్ధమైన ఈ ఆలోచన ప్రకారం ప్రకృతికి ఎదురీదకుండా ఉండటమే తెలివి. పాలకుడు ఎంత తక్కువ జోక్యం చేసుకుంటే జనం అంత సుఖంగా ఉంటారు.

ఈ పద్ధతికి పెట్టింది పేరు ప్రధానమంత్రి త్సావో షెన్. క్రీ.పూ. 193లో పదవిలోకి వచ్చాక పాత నిబంధన ఒక్కటీ మార్చలేదు. ఎవరైనా సలహా చెప్పడానికి వస్తే, నోరు తెరవనీయకుండా మద్యం పోయించి పంపేవాడట. కుర్ర చక్రవర్తికి చిరాకు వచ్చి, మంత్రిగారి కొడుకునే పిలిచి, నీ మాటగా మీ నాన్నను అడగమన్నాడు. అడిగిన పాపానికి కొడుకు 200 దెబ్బలు తిన్నాడు. మర్నాడు సభలో చక్రవర్తి నిలదీస్తే మంత్రి నెమ్మదిగా తిరిగి అడిగాడు: మీరు మీ తండ్రిగారిని మించినవారా? నేను నాకు ముందున్న మంత్రిని మించినవాణ్ణా? రెండింటికీ కాదనే జవాబు వచ్చింది. వాళ్ళు ఏర్పరచిన చట్టాలు బాగున్నాయి, మనం పాడుచేయకుండా ఉంటే చాలదా అన్నాడాయన. వచ్చిన ప్రతి మేనేజరూ బ్రాంచిలో బల్లలు జరిపించడం చూసినవాళ్ళకు త్సావో షెన్ విలువ తెలుస్తుంది.

ఆ తర్వాతి చక్రవర్తులలో వెన్ అనే ఆయన పంట మీద పన్నును ముప్పయ్యో వంతుకు తగ్గించాడు. ఆయన కాలంలోనే, క్రీ.పూ. 167లో, గొర్రె కథకు ఇంకో కోణం వచ్చింది. చున్‌యూ యీ అనే ఆయన ప్రభుత్వ ధాన్యాగారం అధికారి, పేరున్న వైద్యుడు కూడా. ఆయన మీద నేరం మోపి అంగచ్ఛేదం శిక్ష కోసం రాజధానికి తరలిస్తున్నారు. ఆయనకు అయిదుగురు కూతుళ్ళు. కష్టానికి పనికివచ్చే కొడుకు ఒక్కడైనా లేకపోయాడే అని విసుక్కున్నాడట. చిన్న కూతురు తీయింగ్ తండ్రి వెంట రాజధాని దాకా వెళ్ళి చక్రవర్తికి అర్జీ పెట్టుకుంది. తెగిన అవయవం మళ్ళీ అతకదు, మనిషి మారాలనుకున్నా దారి ఉండదు, తండ్రికి బదులు నేను బానిసగా ఉంటాను అని వేడుకుంది. చక్రవర్తి కరిగి, తండ్రిని వదిలిపెట్టడమే కాకుండా అంగచ్ఛేదం శిక్షలనే రద్దు చేశాడు. ఆ అమ్మాయి తండ్రి నేరాన్ని దాచలేదు, బయటపెట్టనూ లేదు. శిక్ష న్యాయమా అని అడిగింది.

పైన పట్టుబట్ట, లోపల ఇనుము

క్రీ.పూ. 141లో సింహాసనమెక్కిన వూ చక్రవర్తి కన్ఫ్యూషియస్ చదువుకు ప్రభుత్వ పీఠం వేశాడు. క్రీ.పూ. 124లో రాజధానిలో 50 మంది విద్యార్థులతో ఒక విద్యాపీఠం పెట్టించాడు. అదే చక్రవర్తి ఉత్తరాది సంచార జాతులతో యుద్ధాల ఖర్చు కోసం ఉప్పునూ ఇనుమునూ ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి తెచ్చుకున్నాడు. పుస్తకం కన్ఫ్యూషియస్‌ది, పద్దుల పుస్తకం చట్టవాదులది!

ఆయన పోయాక, క్రీ.పూ. 81లో, ఈ గుత్తాధిపత్యం మీద సభ పెట్టి 60 మందికి పైగా పండితులను పిలిపించారు. సర్కారు వ్యాపారిలా లాభం చూసుకుంటే జనానికి నేర్పేది లాభమే కదా అని పండితులు అడిగారు. మరి సరిహద్దు సైన్యానికి జీతాలు ఎక్కడినుంచి తెమ్మంటారు అని మంత్రి సాంగ్ హుంగ్‌యాంగ్ నిలదీశాడు. ఆ వాదం గ్రంథస్థమై నేటికీ మిగిలింది. కామర్సు విద్యార్థులెవరైనా చదవదగినది. ఫలితం మాత్రం సర్దుబాటు. మద్యం మీద గుత్తాధిపత్యం పోయింది, ఉప్పు ఇనుము చాలావరకు ఉండిపోయాయి. అప్పటినుంచి చైనా పాలనకు ఇదే పోలిక. బయటికి నీతి, లోపల నిబంధన. ఉద్యోగం ముగిసిన అధికారి వెదురు తోటలో కూర్చొని చిత్రాలు వేసుకోవడానికి తావో మార్గం. ఒకే మనిషిలో ముగ్గురూ ఉండేవారు.

మరి గొర్రె సంగతి? క్రీ.శ. 653లో తాంగ్ వంశంవారు వెలువరించిన 502 అధికరణాల శిక్షాస్మృతి దానికి స్పష్టంగా తీర్పు చెప్పింది. దగ్గరి బంధువులు ఒకరి నేరం ఒకరు దాచినా శిక్ష లేదు, రాజద్రోహం వంటి మహానేరాలు తప్ప. పైగా కన్న తల్లిదండ్రుల మీద ఫిర్యాదు చేసిన కొడుకుకే మరణశిక్ష. దొంగను పట్టుకోవడం సర్కారు పని, ఆ పనికి ఇంటి పిల్లలను వాడుకోకూడదు అన్నది ఇందులో మంచి భాగం. నోరెత్తిన పిల్లల గొంతు నొక్కడం చెడ్డ భాగం. రెండూ ఒకే శిక్షాస్మృతిలో ఇమిడి ఉన్నాయి.

పరీక్షలు, బదిలీలు

ఇంటి ప్రేమను చట్టం ఒప్పుకున్నప్పుడు, అదే ప్రేమ కచేరీలోకి వస్తే? అధికారి తన తమ్ముడి దావా తీర్పు చెప్పవలసి వస్తే? దీనికి చైనావాళ్ళు కనిపెట్టిన ఉపాయం నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంది. అధికారిని సొంత రాష్ట్రంలో నియమించకూడదు. దగ్గరి బంధువులు ఒకే కచేరీలో పనిచేయకూడదు. మూడేళ్ళకోసారి పనితీరు మదింపు. పరీక్షాధికారి బంధువులకు వేరే పరీక్ష. మనిషిని మారమని బోధించి ఊరుకోలేదు, మారతాడని నమ్మి కూర్చోనూ లేదు. తండ్రి కాగితం కొడుకు బల్ల మీదకు రాకుండా చూసుకున్నారు. సొంతవాళ్ళ రుణం మంజూరు చేయరాదన్న నిబంధనతో, మూడేళ్ళకో ఊరు మారుతూ బతికిన నాకు ఇది పరాయి కథ అనిపించలేదు.

ఉద్యోగానికి ఎంపిక పరీక్ష ద్వారా. క్రీ.శ. 605 ప్రాంతంలో సుయ్ వంశం కాలంలో మొదలైన ఈ పరీక్షలు 1905లో రద్దయ్యేదాకా సుమారు 1,300 ఏళ్ళు సాగాయి. సుంగ్ వంశం కాలంలో జవాబు పత్రం మీద పేరు కప్పివేసి, చేతిరాత గుర్తుపట్టకుండా గుమస్తాలచేత మొత్తం తిరగరాయించి దిద్దించేవారు. నాన్‌జింగ్‌లోని పరీక్షాస్థలంలో ఒక దశలో 20 వేలకు పైగా చిన్న గదులుండేవి. ఒక్కో గదిలో ఒక్కో అభ్యర్థి పగలూ రాత్రీ అక్కడే ఉండి రాయాలి.

ఈ పరీక్ష ఇంటినీ రాజ్యాన్నీ కలిపి కుట్టింది. ఒక ఇంటి కుర్రవాడు నెగ్గితే వంశమంతా లేచి నిలబడుతుంది, అందుకని వంశమంతా వాణ్ణి చదివిస్తుంది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకొని చదువుకొని మంత్రి అయిన ఫాన్ చుంగ్‌యెన్, 1050 ప్రాంతంలో సుజౌ పట్టణంలో భూములు కొని తన వంశంవారి తిండికీ, పెళ్ళిళ్ళకూ నిధి ఏర్పాటు చేశాడు. అలాంటి నిధులు తర్వాత ఊరూరా వెలిశాయి. మన సంఘాల విద్యానిధులు చూసినవారికి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

పరాయి రాష్ట్రానికి వెళ్ళిన అధికారికి అక్కడి మాట తెలిసేది కాదు. అందుకే అధికారులందరికీ ఉమ్మడిగా ఒక కచేరీ భాష పెరిగింది. దానినే పడమటివాళ్ళు మాండరిన్ అన్నారు. ఆ పేరు పోర్చుగీసువారి ద్వారా వచ్చింది, వారికి మలయ భాష నుంచి వచ్చింది, మలయ భాషకు మన 'మంత్రి' శబ్దం నుంచి వెళ్ళింది! ఈ పద్ధతిలో లోపం కూడా ఉంది. అధికారి మూడేళ్ళకు వెళ్ళిపోతాడు, స్థానిక గుమస్తాలు ఉండిపోతారు. భాష తెలిసిన గుమస్తా చేతిలోనే అసలు పెత్తనం ఉండేదని చైనా రచయితలే మొత్తుకున్నారు.

చెల్లించిన మూల్యం

ఈ ఏర్పాటుకు లెక్క చూస్తే ఖర్చు వైపు పెద్ద పెద్ద అంకెలే కనిపిస్తాయి. పరీక్షా ద్వారం ఆడవాళ్ళకు ఎన్నడూ తెరుచుకోలేదు. తీయింగ్ కథ చెప్పి మెచ్చుకున్న సమాజమే ఆడపిల్లల పాదాలు కట్టి కుంచింపజేసింది. పరీక్ష తప్పినవాళ్ళ గోడు ఇంకొకటి. హుంగ్ షియుచువాన్ అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు నాలుగుసార్లు తప్పి, చివరకు తైపింగ్ తిరుగుబాటు లేవదీశాడు. 1851 నుంచి 1864 దాకా సాగిన ఆ యుద్ధంలో చనిపోయినవారు రెండు కోట్లకు తక్కువ కాదని అంచనా.

పాలకుడికి తప్పు చెప్పడం మంచి కొడుకు, మంచి మంత్రి చేయవలసిన పనేనని కన్ఫ్యూషియస్ వారసులు నమ్మారు. మెన్షియస్ అయితే ప్రజలకంటే రాజు ఎక్కువ కాదనే దాకా వెళ్ళాడు. ఆ మాటలు మింగుడుపడక మింగ్ వంశ స్థాపకుడు 1394లో మెన్షియస్ గ్రంథం నుంచి 80కి పైగా భాగాలు తీసివేయించాడు. అదే వంశపు కాలంలో, 1566లో, హై రుయి అనే అధికారి ముందుగా తన శవపేటిక కొనిపెట్టుకొని చక్రవర్తి తప్పులను ఎత్తిచూపుతూ అర్జీ పంపాడు. జైలుపాలయ్యాడు. చక్రవర్తి చనిపోవడం వల్ల బతికి బయటపడ్డాడు. ధైర్యవంతులను తయారుచేసిన ఆ పద్ధతి వాళ్ళకు రక్షణ మాత్రం ఇవ్వలేకపోయింది.

చైనా పరీక్షల ముచ్చట మన దేశం దాకా వచ్చింది. చైనాలో పనిచేసిన థామస్ టేలర్ మెడోస్ అనే ఆంగ్లేయుడు, అలాంటి పరీక్షలు తమ దేశంలోనూ పెట్టాలని 1847లోనే ఒక పుస్తకంలో రాశాడు. 1853 చార్టర్ చట్టం ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల సిఫారసు నియామకాలకు స్వస్తి చెప్పింది. 1855లో లండన్‌లో తొలి పోటీ పరీక్ష జరిగింది. ఇందుకు చైనా ఒక్కటే కారణమని అనలేం గాని, ఆ ఉదాహరణ ఆనాటి చర్చల్లో ఉంది. పోటీ పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిన మనలో ప్రతివారికీ ఆ దూరపు బంధుత్వం ఉంది.

మళ్ళీ అదే ప్రశ్న

ఇరవయ్యో శతాబ్దంలో చైనా యువతరం పాత నీతి మీద తిరగబడింది. 1918లో లూ షున్ రాసిన కథ ఆ కుటుంబనీతిని తూర్పారబట్టింది. అందులో న్యాయం ఉంది. కాని తిరుగుబాటు అవతలి ఒడ్డుకు వెళితే ఏమవుతుందో సాంస్కృతిక విప్లవం చూపించింది. 1970లో అన్‌హుయి రాష్ట్రంలో పదహారేళ్ళ కుర్రవాడు, ఇంట్లో మాటల మధ్య తల్లి మావోను విమర్శించిందని తానే ఫిర్యాదు చేశాడు. ఆమెను కాల్చి చంపారు. 1980లో కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. 2013లో, నడివయసు దాటిన ఆ కొడుకు పత్రికల ద్వారా తల్లికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. షె ప్రభువు మెచ్చుకున్న నిజాయితీ ఇదే. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చైనా చట్టం కూడా కొంత వెనక్కి తిరిగింది. 2012లో సవరించి 2013 జనవరి 1 నుంచి అమలు చేసిన నేర విచారణ చట్టం, నిందితుడి భార్యను లేక భర్తను, తల్లిదండ్రులను, పిల్లలను సాక్ష్యానికి బలవంతంగా కోర్టుకు రప్పించరాదన్నది. అదే ఏడాది జూలై నుంచి, వేరుగా ఉండే పిల్లలు ముసలి తల్లిదండ్రులను తరచు చూసి రావాలని ఇంకో చట్టం చెప్పింది. ప్రేమను చట్టంతో రప్పించగలమా అని నవ్వుకోవచ్చు. మన దేశంలోనూ తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం చేసుకున్నాం. పరీక్షల జోరు కూడా తగ్గలేదు. 2024 నియామకాలకు అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు సుమారు 39 వేలు ఉంటే, అర్హత పొందిన అభ్యర్థులు 30 లక్షలు దాటారు.

ఇన్ని సంగతులు చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. కన్ఫ్యూషియస్ చెప్పినట్టు, కొడుకు చేత తండ్రి మీద సాక్ష్యం చెప్పించే రాజ్యం ఏదో విలువైనదాన్ని పోగొట్టుకుంటుంది. హాన్ ఫెయ్ చెప్పినట్టు, గొర్రె పోగొట్టుకున్నవాడికి న్యాయం జరగకపోతే ఆ రాజ్యం నిలవదు. ఇద్దరి మాటా నిలబెట్టే దారి చైనా గుమస్తాలు కనిపెట్టిన ఆ చిన్న నిబంధనలోనే ఎక్కువ కనిపించింది. నా తండ్రి కాగితం నా బల్ల మీదకు వస్తే దాచనూ వద్దు, సంతకం చేయనూ వద్దు. లేచి పక్కవారికి అందించాలి. గొర్రె యజమాని గోడు వినే మనిషి వేరే ఉండాలి, ఆ మనిషి తప్పకుండా ఉండాలి.

మీ ఇంట్లో భోజనాల వేళ పిల్లలకు ఈ కథ చెప్పి, నువ్వైతే ఏం చేస్తావని అడిగి చూడండి. తొందరపడి జవాబు మీరు చెప్పకండి. మా ఇంట్లో అడిగితే, ముందు గొర్రెను తిరిగి ఇచ్చేయమని నాన్నకు చెబుతానంది మా చిన్నమ్మాయి. తండ్రి తప్పు చేస్తే మెల్లగా నచ్చజెప్పడం కొడుకు ధర్మమని కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోనూ ఉంది. షె ప్రభువు మెచ్చుకున్న కొడుకుకు ఆ ఆలోచన రాలేదా అని అప్పటినుంచి నేను ఆశ్చర్యపోతూనే ఉన్నాను. గొర్రె కథలోని ఆ కొడుకు నేరుగా సాక్ష్యానికే వెళ్ళాడు గాని, ముందు తండ్రితో మాట్లాడినట్టు ఎవరూ రాయలేదు.